తుక్కు సామానులు – విద్యార్థుల నేర్పు

చేతిపని వేఱు, బుద్ధిపని వేఱు అని తలంచుట మన విద్యాపద్ధతిలోని పెద్ద లోపము. ఈ లోపమును దీర్చుటకు తుక్కు సామానులతో నాడు నొక పోటీ తోడ్పడునన్నచో కొందఱు నవ్వవచ్చును. అయినను నా యభిప్రాయమును విన్నవించుచున్నాను.

ఇంగ్లండులో ఛానల్ ఫోర్ అను టెలివిజను సంస్థ 1998వ సంవత్సరమున ‘స్క్రాప్‌హీప్ ఛాలెంజ్’ అను పోటీని ఆరంభించెను. అది 2010 వఱకు సాగెను. అమెరికాలో దానికి ‘జంక్‌యార్డ్ వార్స్’ అని పేరు. రెండు జట్లను పాత యినుప సామానుల దొడ్డిలో విడిచి, నిర్వాహకులు ఒక పనిని నిర్ణయించెడివారు. ఆ పని చేయు యంత్రమును పది గంటలలో అచ్చట దొరకిన వస్తువులతోనే నిర్మింపవలెను. పిమ్మట పరీక్ష. పడవ యైనచో నీటిపై నడువవలెను. బరువు విసరు యంత్రమైనచో విసరి చూపవలెను. పై రంగును చూచి గెలుపు నిర్ణయించుట లేదు.

ఇక మన విజ్ఞానప్రదర్శనములను చూడుడు. అంగడిలో కొన్న నమూనాలు, తండ్రులు డబ్బిచ్చి చేయించిన బొమ్మలు, బాలురు కంఠస్థము చేసిన నాలుగు వాక్యములు – ఇవియే యెక్కువ. మీట నొక్కినపుడు దీపము వెలుగకున్నచో, ఏల వెలుగలేదో చెప్పగలవా రెందఱు? దోష మెచ్చట నున్నదో వెదకి దిద్దుటయే విజ్ఞానము. కొన్న వస్తువు ఆ యవకాశము నీయదు.

వెదకి దిద్దు నోర్పునకు మన తెలుగునాటనే గొప్ప నిదర్శనము కలదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున జన్మించిన శ్రీ చింతకింది మల్లేశముగారు పెద్ద చదువులు చదివినవారు కారు. పోచంపల్లి పట్టుచీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. ఒక్క చీరకు దాదాపు 9,000 మారులు చేయి నిటునటు ఆడింపవలెను. తల్లి లక్ష్మిగారి భుజముల నొప్పి చూడజాలక ఆయన 1992లో యంత్రమునకై పూనుకొనిరి. ఒక్కొక్క భాగమును కూర్చుచు, కుదురనిదానిని మార్చుచు, 1999లో దానిని సాధించిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. యంత్రమునకు తల్లి పేరే పెట్టిరి. 2017లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగెను. అది తుక్కుపోటీ కాదు. కాని చేసి చూచుట, చెడినచో మరల చేయుట యను గుణమే రెంటికిని ప్రాణము.

“పిల్లలకు గాయములగును, చదువు చెడును” అని తలిదండ్రులు శంకింపవచ్చును. ఇంగ్లండు పోటీలోను నిర్వాహకులు కావలసిన కొన్ని వస్తువులను ముందే దొడ్డిలో నుంచెడివారు. అట్లే మన యుపాధ్యాయులును త్రుప్పు పట్టిన రేకులను, పగిలిన గాజును తొలగించి, తగిన వస్తువులనే కుప్ప వేయవచ్చును. గోడకరెంటు వలదు, బ్యాటరీ చాలును. ఇక చదువు సంగతి. కప్పీతో బరువెత్తిన బాలునికి కప్పీ పాఠము వల్లెవేయ నక్కఱ లేదు.

కావున రామతీర్థమునను, చుట్టుపట్ల గ్రామములలోను గల పాఠశాలలు ఏడాదికొకదినము ఇట్టి పోటీ పెట్టవలెనని నా కోరిక. జట్టునకు ఐదుగురు, వారిలో బాలికలును ఉండవలెను. పాత సైకిలు చక్రములు, చెడిన ఫ్యాన్లు, నూనెడబ్బాలు, త్రాళ్లు చాలును. నిండు బిందెను నిలువెత్తు లేపుట వంటి పని యొకటి నిర్ణయింపుడు. న్యాయనిర్ణేతలలో ఊరి సైకిలు మరమ్మతు పనివానిని ఒకని కూర్చుండబెట్టుడు. అతని నేర్పును గౌరవించుట పిల్లలకు అదియే మొదటి పాఠమగును.

తలిదండ్రులారా! పాత యినుము కొనువాడు వీధిలో కేకవేసినపుడు, అతనికి తూచి యిచ్చుటకు ముందు మీ పిల్లలను ఒక్కమాట అడుగుడు. అందులో వారికి పనికివచ్చున దేదైన నుండవచ్చును.