పని విడువకయే పట్టము: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల నర్సుల పక్షమున

ఆత్మకూరు బస్టాండు గోడకు సినిమా పోస్టర్ల సందున అంటించిన కాగితమును మీరందరును చూచియే యుందురు: "ఉద్యోగము చేయుచునే బి.ఎస్సీ. నర్సింగు, హాజరు అక్కరలేదు, పరీక్షల సంగతి మాకు వదలుడు." ఆ కాగితము మీది నంబరునకు ఫోను చేసి, మెడలోని గొలుసు కుదువబెట్టి రొక్కము కట్టి, ఏండ్లు గడచిన పిమ్మట చేతికందిన పట్టమును రిజిస్ట్రేషనుకై తీసికొనిపోయిన మన సోదరి యొకతెను, ఇది చెల్లదని చెప్పి కౌంటరు దగ్గరనే త్రిప్పి పంపిరి. ఆమె పేరు చెప్పము. ఆమె మనలో ఎవతెయైనను కావచ్చును. బ్రోకరు దొంగయని అందరికిని తెలిసినదే. వానిని తిట్టుటకు ఈ కరపత్రము అచ్చువేయలేదు. కష్టపడి బ్రతుకు స్త్రీ చదువుకొనదలచినప్పుడు ఆమెకు దొంగవాకిలి తప్ప వేరొక వాకిలి కనబడకుండ చేసినవారెవరో అడుగుటకే దీనిని అచ్చువేసితిమి.

మూడేండ్ల జి.ఎన్.ఎం. (జనరల్ నర్సింగు, మిడ్‌వైఫరీ) చదివి కొలువున చేరిన స్టాఫునర్సు పోస్టు బేసిక్ బి.ఎస్సీ. చదువవలెనన్నచో, రెండేండ్లు పని మానుకొని పగలంతయు కళాశాలలో కూర్చుండవలెను. ఆత్మకూరునకు నెల్లూరు సుమారు 50 కిలోమీటర్లు. ఉదయగిరికి సుమారు 100. సీతారామపురము వారి మాట చెప్పనక్కరలేదు. రెండేండ్ల జీతము పోగొట్టుకొని, హాస్టలునకును ఫీజునకును అప్పుచేసి, ఇంటిలోని ముసలివారిని, పసివారిని ఎవరికి అప్పగించి పోవలెనో నిబంధనలు వ్రాసిన మహనీయులు చెప్పలేదు.

ఈ మెట్టసీమలో నర్సు చేయు పనిని ఒక్కసారి దగ్గరగా చూడుడు. అర్ధరాత్రి పొలమునుండి పాముకాటుతో రైతును మోసికొని వచ్చినప్పుడు, ఆమె రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన పొడి గాజుగొట్టములో తీసి, కదపకుండ 20 నిమిషములుంచి, తరువాత వంచి చూచును; గడ్డకట్టక జారినచో విషము రక్తమున కెక్కినదని డాక్టరునకు కబురు చెప్పి, యాంటీవెనం సీసాలు సిద్ధముచేసి, డ్రిప్పు ఎక్కుచున్నంతసేపు ఒంటిపై దద్దుర్లు లేచునేమో, బి.పి. పడిపోవునేమో యని మంచము విడువక నిలుచును. ఆ 20 నిమిషములలో ప్రక్కమంచము బాలింతను చూచివచ్చును, కేసుషీటు వ్రాయును. దీనిని ప్రాక్టికల్సు కాదనువారు మరి దేనిని ప్రాక్టికల్స్ అందురు?

ఇక అసలు కడుపుమంట చెప్పెదము. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చిన పిమ్మట పల్లెలలో ఆరోగ్యకేంద్రములు వెలసినవి. మన రాష్ట్రమున వాటిలో ఎం.ఎల్.హెచ్.పి.లుగా, అనగా మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా, బి.ఎస్సీ. నర్సింగు చదివినవారిని నియమించిరి. మంచిదే, ఆ పిల్లలును మన బిడ్డలే. కాని నిన్న పట్టము పుచ్చుకొని వచ్చిన పిల్లకు నరము దొరకించుట, కాన్పులో చేయి ఎట్లుంచవలెనో నేర్పిన సిస్టరు, ఆ పిల్లకు దక్కిన కొలువునకు దరఖాస్తు పెట్టుటకైనను అర్హురాలు కాకపోయెను. ఆమెకు లేనిది విద్య కాదు, కాగితము. ఆ కాగితము సంపాదించుకొందమన్నను సాగనీయరు. ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని, కొలువున చేర్చుకొన్ననాడే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసికొని బీరువాలో పెట్టి తాళము వేయుచున్నవి. చదువునకై అడిగినచో బాండు రొక్కము కట్టుమందురు. కట్టలేనని ఏడ్చినచో, దరఖాస్తు గడువు దాటిన మరునాడు "ఇప్పుడు తీసికొనుము" అందురు. మనుష్యుల సర్టిఫికెట్లు తాకట్టుపెట్టుకొని పనిచేయించుకొనుటకు వెట్టి యని గాక వేరొక పేరు పెట్టజాలము.

"నర్సింగు తెరమీద నేర్చు విద్య కాదు" అని పెద్దలు గంభీరముగ సెలవిచ్చుచున్నారు. 2020 నాటి యు.జి.సి. నిబంధనలు దూరవిద్యలోను, ఆన్‌లైన్ విద్యలోను నర్సింగును నిషేధించిన మాటయును నిజమే. రోగిని ముట్టక పట్టము పుచ్చుకొన్న దానిచేత మా బిడ్డలకు మేమును సూది వేయించము. పూర్తి ఆన్‌లైన్ పట్టమును మేము కోరుటయే లేదు. కోరునది ఇంతే: పాఠము ఫోనులో రానిండు, పని ఆసుపత్రిలో జరుగనిండు, పరీక్ష కట్టుదిట్టముగ పెట్టుడు. ఇది వింత కోరిక కాదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1994లోనే, రిజిస్ట్రేషను పిమ్మట రెండేండ్ల అనుభవముగల నర్సులకై మూడేండ్ల పోస్టు బేసిక్ బి.ఎస్సీ.ని ప్రారంభించినది. త్రోవ పడినది, కాని ప్రవేశపరీక్ష దాటి, వ్రేళ్లమీద లెక్కింపదగిన సీట్లలో ఒకటి దక్కించుకొని, కాంటాక్టు తరగతులకు దూరపుటూరికి పోగలవారికే అది త్రోవయైనది. 2020లో కరోనా నాడు నర్సింగు కళాశాలలు మూతపడినప్పుడు దేశమంతట థియరీ తరగతులు ఫోనులలోనే నడచినవి. ఆ విద్యార్థినుల పాఠము చెల్లి, మన పాఠము చెల్లకపోవుటకు కారణమేమి?

ఉదయగిరి కొండలలో సిగ్నలు రాదందురు. సిగ్నలు వచ్చుచోటికి మేము నడచి పోయెదము, మీరు పాఠము పంపుడు. నర్సునకు డిగ్రీ యేల యనువారికి బదులు చెప్పుట కాలయాపనము. డ్యూటీ చేసి అలసిన స్త్రీకి చదువు తలకెక్కదనువారు మాత్రము ఈ తాలూకా చరిత్ర ఒకింత తెలిసికొనుట మేలు. పగలంతయు కూలికిపోయి, రాత్రి దీపము ముందర అక్షరములు దిద్దుకొన్న కలిగిరి మండలపు దూబగుంట స్త్రీలు, అక్షరాస్యతా వాచకములో సారాను ఎదిరించిన సీతమ్మ కథ చదివి, తమ ఊరి రోసమ్మ మొదలగువారి వెంట సారా దుకాణముల మీదికి నడచిరి. 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడినది. ప్రభుత్వమును కదలించిన ఆ చదువు పనిచేయు ఆడవారి రాత్రిచదువు, ఈ కలిగిరి మండలపు చదువు. అది తలకెక్కని చదువేనా?

కనుక మేము అడుగునవి నాలుగు. ఒకటి: డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము కొలువులో నున్న జి.ఎన్.ఎం. నర్సులకై మూడేండ్ల పోస్టు బేసిక్ బి.ఎస్సీ.ని ఏర్పరచి, థియరీని సాయంకాలపు ఆన్‌లైన్ తరగతులుగ నడపవలెను. రెండు: ఆత్మకూరు, ఉదయగిరి ప్రభుత్వాసుపత్రులను ప్రాక్టికల్ కేంద్రములుగ గుర్తించి, ట్యూటర్లను అక్కడికే పంపవలెను, ఇచ్చట లేని విభాగముల పోస్టింగులకు మాత్రము నెల్లూరు పెద్దాసుపత్రికి, జీతము కోయకుండ, విడతలుగ పంపవలెను. కాంట్రాక్టు నర్సులకును ఇదియే వర్తింపవలెను. మూడు: ఒరిజినల్స్ అట్టిపెట్టుకొను ఆసుపత్రుల లైసెన్సు రద్దుచేయవలెను. నాలుగు: హాజరులేని పట్టములు అమ్ము బ్రోకర్లపై కేసులు పెట్టవలెను. 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టము స్థానమున 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము వచ్చినది. కొత్త చట్టము క్రింద కొత్త నిబంధనలు వ్రాయవలసిన ఈ వేళ, మా సంగతి అందులో చేర్పింపని శాసనసభ్యుడు రేపు ఓటడుగ వచ్చినప్పుడు ఏ మొగముతో మా వార్డులో అడుగుపెట్టునో చూచెదము.

సోదరీమణులారా, ఏ బ్రోకరునకును ఒక్క రూపాయి కట్టకుడు. కట్టి మోసపోయినవారు సిగ్గుపడి దాగక రసీదులు వెలికితీయుడు. అవియే మన సాక్ష్యము. ఒరిజినల్స్ ఇయ్యని యాజమాన్యమునకు వ్రాతమూలకముగ అర్జీ యిచ్చి నకలు దాచుకొనుడు. డ్యూటీ మారు వేళ ప్రతి ఆసుపత్రిలోను సంతకములు సేకరించి, అందరమును కలసి నెల్లూరు కలెక్టరు కచేరికి పోవుదము. బదులు వచ్చువరకు మరల మరల పోవుదము.