కూలి మాట ఎత్తితే రాజకీయమా?

మేడ్చల్ అడ్డా మీద పొద్దున ఏడింటికి నిలబడితే తెలుగు, హిందీ, ఒడియా, భోజ్‌పురి అన్నీ కలిసి వినిపిస్తాయి. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని మేస్త్రీ కోసం ఎదురుచూసే ఆ మనుషుల్లో చాలామంది చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. వాళ్లలో ఒక ఒడియా కుర్రాడు షామీర్‌పేట వైపు ఓ షెడ్డులో రోజుకు పన్నెండు గంటలు పనిచేసి, గిట్టుబాటు కాక అడ్డాకు వచ్చాడు. ఎనిమిది, తొమ్మిది గంటలు దాటాక చేసే ఓటీకి కూలి రెట్టింపు ఇవ్వాలని చట్టం ఉందని చెప్పాను. నా మొహంలోకి చూసి, "కౌన్ బోలా భయ్యా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. రోజంతా చెవిలో మోగే రేడియో కూడా చెప్పలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని అరగంట కార్యక్రమం రికార్డు చేశాను. ఓటీ లెక్క, ఈఎస్‌ఐ కార్డు ఎట్లా తీసుకోవాలి, పీఎఫ్ జమ అవుతోందో లేదో ఫోన్‌లో ఎట్లా చూసుకోవాలి, మధ్యలో ఇద్దరు కూలీల మాటలు. ఏ కంపెనీ పేరూ ఎత్తలేదు. నగర శివారులోని ఓ కమ్యూనిటీ రేడియోకు తీసుకెళ్లి ఇచ్చాను. విని బాగుందన్నారు. రెండు వారాలు తిప్పుకుని చివరికి, "ఆ ఇద్దరి మాటలు తీసేస్తే వేస్తాం. కూలి గొడవలు రాజకీయం కిందికి వస్తాయి, లైసెన్సుకు ఇబ్బంది" అన్నారు. కూలీల కార్యక్రమంలోంచి కూలీల గొంతే తీసేయాలట! పన్నెండు గంటలు నిలబడి చేసిన పనికి పైసలు అడగడం రాజకీయమెట్లా అవుతుంది?

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తేల్చి చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవాళ్లలో తెలుగువాడైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఒకరు. అయినా స్వచ్ఛంద సంస్థలకు రేడియో లైసెన్సు దారి తెరవడానికి 2006 దాకా పట్టింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళలు 1998లోనే స్టూడియో కట్టుకుని కూర్చున్నారు. వాళ్ల సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్ 15న. పదేళ్లు! చేను దున్నే దళిత ఆడవాళ్లు మైకు పట్టుకుని విత్తనాల గురించి, తిండి గురించి తమ యాసలో మాట్లాడితే దేశం మెచ్చుకుంది. రైతు కూలీ గొంతుకు దొరికిన ఆ కాస్త చోటు ఫ్యాక్టరీ కూలీ గొంతుకు ఎందుకు దొరకదు?

దొరక్కుండా నిబంధనలే కట్టడి చేశాయి. పార్టీల అనుబంధ కార్మిక సంఘాలు కమ్యూనిటీ రేడియో పెట్టకూడదు. ఏ కమ్యూనిటీ రేడియో కూడా సొంతంగా వార్తలు చెప్పకూడదు. 2017 తర్వాత ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు గానీ, స్థానిక భాషలోకి అనువదించి గానీ వినిపించుకోవచ్చన్నారు. 2024లో వ్యాపార ప్రకటనల సమయాన్ని గంటకు 12 నిమిషాలకు పెంచారు. అమ్ముకోవడానికి 12 నిమిషాలు ఉన్నాయి, మన ఊరి వార్త మన నోటితో చెప్పడానికి 12 సెకన్లు లేవు. ఈ వార్తల నిషేధం మీద కామన్ కాజ్ సంస్థ 2013లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. అయినా ప్రభుత్వాలకు చీమ కుట్టినట్టయినా లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. అందులో ఎంతోమంది పొట్ట చేతపట్టుకుని బిహార్, ఒడిశా, యూపీల నుంచి వచ్చినవాళ్లు. మేడ్చల్ చుట్టుపక్కల షెడ్లలో పనిచేసేవాళ్లకు ఆ సాయంత్రం చెప్పాల్సిన మాట ఒక్కటే: "మీ షెడ్డుకు రెండో తలుపు ఉందా? రేపు పొద్దున అడగండి." ఢిల్లీ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే బులెటిన్ ఈ మాట చెప్పదు. చెప్పాల్సింది పది కిలోమీటర్ల లోపల వినిపించే ఊరి రేడియోనే. దాని నోటికే తాళం వేశారు.

2020 లాక్‌డౌన్‌లో, మే నెల ఎండల్లో మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెంట జనం పిల్లల్ని చంకనేసుకుని నాగ్‌పూర్ వైపు నడిచారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే తొలి శ్రామిక్ రైలు వెళ్లింది. తర్వాతి రైలు ఎప్పుడో, పేరు ఎక్కడ రాయించుకోవాలో వాళ్ల భాషలో చెప్పే దిక్కు లేక రోడ్డు మీద పడ్డవాళ్లు ఎందరో. మరుసటి ఏడాది ఇదే షామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో తయారైన కోవిడ్ టీకాను చూసి గర్వపడ్డాం. ఆ నడిచినవాళ్లను మాత్రం మరిచిపోయాం.

ఇప్పటికైనా మారామా? కనీస వేతనాలను ఐదేళ్లు దాటకుండా సవరించాలని 1948 నాటి చట్టమే చెప్పింది. 2021 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఐదు రంగాలకు కొత్త వేతనాల జీవోలు ఇచ్చి, గెజిట్‌లో వేయకుండా పక్కన పడేసింది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి పేర్లయినా అడ్డా మీద ఎవరికి తెలుసు? నల్సార్ లా యూనివర్సిటీ షామీర్‌పేటలోనే ఉంది. చట్టం చెప్పగలిగినవాళ్లు, చట్టం కావలసినవాళ్లు ఒకే బస్సు రూటులో ఉన్నారు. మధ్యలో మైకు లేదు.

స్పాన్సర్లు పోతారని రేడియోవాళ్లు భయపడుతున్నారు. ఫైలు కదిపితే తలనొప్పని అధికారులు దాటేస్తున్నారు. కూలీలు కట్టిన ఇళ్లలో పడుకుని మనకు సంబంధం లేదని మనం అనుకుంటున్నాం. ఈ ముగ్గురిలో తప్పు లేనిది ఎవరు?

వార్తల నిషేధం ఎత్తేయాలి. కూలి, భద్రత, పరిహారం గురించి చెప్పడం రాజకీయం కాదని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ రాతపూర్వకంగా తేల్చాలి. పారిశ్రామికవాడల దగ్గరి ప్రతి కమ్యూనిటీ రేడియో రోజుకో అరగంట కార్మికుల చేతికివ్వాలి, వాళ్ల భాషల్లోనే.

నా అరగంట రికార్డింగ్ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ ఇద్దరి మాటలు తీసేయకుండా వేస్తామన్న రేడియోకు రేపే తెచ్చి ఇస్తాను.