యంత్రం చదివే నిబంధనలు

మోటారు పందేల లెక్కలు చెప్పే ఒక కంప్యూటరు సాధనాన్ని గురించి రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో సంపాదకీయం ఎందుకని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నిబంధనల పుస్తకంలో ఒక్క మాట లోపించినా ఎంత అనర్థం వాటిల్లునో అనుభవపూర్వకంగా ఎరిగినవారము గనుక, ఈ విషయం మన పరిశీలనకు తగినదే.

ఫార్ములా వన్ పందేల సమాచారాన్ని ఉచితంగా అందించే సాధనాలలో ఫాస్ట్ ఎఫ్ వన్ ఒకటి. పైథాన్ భాషలో స్వచ్ఛంద సేవకుల శ్రమతో రూపొందినది. 2018 నుండి జరిగిన పందేలలో ప్రతి చుట్టు కాలం, టైరు రకం, వేగం, గేరు, బ్రేకు వివరాలు దీనిద్వారా లభిస్తాయి. మొదట దీనిని వాడినవారు మనుషులు. నేడు కృత్రిమ మేధా ఏజెంట్లు, అనగా ఒక పని అప్పగించగానే అవసరమైన సాధనాలను తామే పిలిచి, లెక్కలు కట్టి, నిర్ణయం చెప్పే ప్రోగ్రాములు, ఇట్టి సాధనాలను వాడుతున్నవి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఈ అనుసంధానాన్ని సులభతరం చేసినది. దీనితో వాడుక పత్రం వ్రాసేవారి బాధ్యత పెరిగినది.

ఆ బాధ్యత ఎట్టిదో చూడండి. ఈ సమాచారంలో బ్రేకు వేసినదీ లేనిదీ మాత్రమే తెలుస్తుంది; ఎంత గట్టిగా నొక్కినదీ తెలియదు. ఆ ముక్క పత్రంలో లేకపోతే, ఫలానా డ్రైవరు బ్రేకు బలంగా నొక్కెనని యంత్రం నిస్సంకోచంగా వ్రాసివేయగలదు. ట్రాకు స్థితిని తెలిపే సంకేతాలలో 1 అనగా దారి నిరాటంకం, 2 పసుపు జెండా, 4 సేఫ్టీ కారు, 5 ఎర్ర జెండా. ఇవి గుర్తులే గాని పరిమాణాలు కావు. 1972లో ప్రవేశపెట్టిన పిన్ కోడు అంకెలను ఎవరూ కూడికలు వేయరు; ఏ అంకె దేనిని సూచించునో తపాలా ఉద్యోగి ఎరుగును. యంత్రానికి ఆ సంగతి వ్రాసి చెప్పవలసియున్నది.

కారునుండి వచ్చే కొలతలు సెకనుకు సుమారు నాలుగు మార్లు మాత్రమే నమోదవుతాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు రెండు కొలతల నడుమ 20 మీటర్లకు పైగా సాగిపోతుంది. ఆ నడిమి విలువలు అంచనాలు. ప్రయాణించిన దూరం కూడా వేగం నుండి లెక్కగట్టినదే గనుక, చుట్లు పెరిగినకొద్దీ దోషం పేరుకుంటుంది. కొలిచినది ఏది, ఊహించినది ఏది అన్న భేదం స్పష్టంగా వ్రాయని పత్రం చదువరిని మోసగించినట్లే.

1950 నుండి పందేల ఫలితాలను అందించిన ఎర్గాస్ట్ అనే ఉచిత సేవ 2024 సంవత్సరంతో ముగింపునకు వచ్చినది. దాని స్థానంలో జోల్పికా అనే మరొక స్వచ్ఛంద సేవ నిలిచినది. పాత వ్రాతలు చదివి నేర్చిన యంత్రం పాత చిరునామాకే జాబు వేయగలదు. చిరునామా మారినదని పత్రంలో మొదటనే ప్రకటించవలెను.

సిగ్నలు దీపం వెలగనప్పుడు దారి ఖాళీగా ఉన్నదని ఏ లోకో పైలటూ భావింపడు. అత్యంత నిర్బంధ సూచనగానే గైకొంటాడు. ఏజెంటుకు వ్రాసే పత్రంలోనూ ఈ నీతి ఉండవలెను. ఖాళీ గడిని సున్నగా తీసుకొనరాదు. సమాచారం లేనప్పుడు లేదని చెప్పి ఆగవలెను. జవాబు రానప్పుడు మరల మరల పిలిచి స్వచ్ఛందంగా నడిచే సేవపై భారం మోపరాదు.

యంత్రం ప్రోగ్రామునే నేరుగా చదువుకొనగలదు గదా, ప్రత్యేక పత్రం దేనికని కొందరు వాదిస్తారు. ఏ లెక్క జరుగునో ప్రోగ్రాము చెప్పగలదు. ఆ అంకె ఏ పరిస్థితిలో పుట్టినదో, ఎంతవరకు నమ్మదగినదో చెప్పగలిగినది దానితో పనిచేసిన మనిషి మాత్రమే. ఆ మనిషి జ్ఞానమే పత్రంగా మారుతున్నది. ఆ శ్రమకు గుర్తింపు ఉండవలెను.

పందెం లెక్క తప్పితే అభిమానుల మధ్య వాగ్వాదంతో పోవును. ఇట్టి ఏజెంట్లకే ఉద్యోగుల పని లెక్కలు అప్పగించిననాడు ఏమగును? బండి ఆలస్యమైన నిమిషాలు ఒక గడిలో ఉండి, హోం సిగ్నలు వద్ద నిలిచిన కారణం మరే గడిలోనూ లేకపోతే, నేరం నడిపినవాని మీద పడును. బట్వాడా కాని ఉత్తరాల సంఖ్య ఉండి, తలుపు తాళం వేసియున్నదన్న మాట లేకపోతే, పోస్టుమాను సోమరి అనిపించుకొనును. అంకెలో అబద్ధం లేకపోవచ్చు. విడిచిపెట్టిన మాటలోనే అన్యాయం దాగియుండును.

కనుక ఉద్యోగుల పనిని కొలిచే ఏ సాధనానికైనా వాడుక పత్రం ఉండవలెను. అది యంత్రంతోపాటు కొలవబడే ఉద్యోగికీ అర్థమయ్యే భాషలో ఉండవలెను. దాని రచనలో ఆ పని చేసేవారికి భాగముండవలెను. తుది నిర్ణయంపై బాధ్యత గల అధికారి సంతకముండవలెను. మన శాఖలలో కంప్యూటరు పరిచయం గల యువ ఉద్యోగులు పందేల సాధనాల పత్రాలను చదివి, ఏది ఎట్లు వ్రాయవలెనో నేర్చి, తోటివారికి బోధించవలసినదిగా కోరుచున్నాము. ఈ విద్య అవసరం పడకముందే అలవరచుకొనుట మేలు.