ఉడకని అన్నానికి విస్తరి వేస్తే...

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఈ సామెత పుట్టిన నాటికి మనకు సినిమా లేదు, వీడియో గేమ్ అసలే లేదు. అయినా ఈ రెండింటి కోసమే పుట్టిందా అనిపిస్తుంది ఒక్కొక్కసారి!

పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2025 జనవరి 10న శంకర్ దర్శకత్వంలో రామ్‌చరణ్ నటించిన 'గేమ్ ఛేంజర్' విడుదలైంది. 'నానా హైరానా' పాట అప్పటికే కుర్రకారు నోళ్ళలో నానుతోంది. తీరా థియేటర్‌కి వెళితే తెర మీద పాట లేదు! ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీసిన దృశ్యాల్లో సాంకేతికమైన చిక్కులు వచ్చాయనీ, తరువాత కలుపుతామనీ ప్రకటించారు. సంక్రాంతి రోజుల్లో కలిపారు కూడా. బాగానే ఉంది... మరి మొదటి రోజే ఎగబడి చూసినవాడి మాటేమిటి? పాట కోసం వాడు మళ్ళీ టిక్కెట్టు కొనాలి! అభిమానం ఎక్కువున్నవాడికే అరకొర వడ్డన అన్నమాట.

సినిమాల్లో ఎప్పుడో ఒకసారి జరిగే ఈ ముచ్చట వీడియో గేముల లోకంలో మామూలైపోయింది. పోలండ్ వాళ్ళ 'సైబర్‌పంక్ 2077' సంగతే చూడండి. ముందు 2020 ఏప్రిల్ అన్నారు. తరువాత సెప్టెంబర్ అన్నారు. ఆ తరువాత నవంబర్ అన్నారు. చివరికి డిసెంబర్ 10న అట్టహాసంగా వదిలారు. పాత ప్లేస్టేషన్ల మీద ఆట నడవనంటే నడవనంది! వారం తిరిగేసరికి సోనీ కంపెనీ ఆ ఆటను తన అంగడి నుంచి తీసేసి, కొన్నవాళ్ళకు డబ్బు వాపసు ఇస్తామంది. ఆట మళ్ళీ ఆ అంగడికి చేరింది 2021 జూన్‌లో. మరమ్మతులన్నీ జరిగి 'ఇప్పుడు బాగుంది' అనిపించుకునేసరికి 2023 వచ్చింది.

ఎందుకిలా? పూర్వం ఆట క్యాసెట్‌లోనే వచ్చేది. ఒకసారి అచ్చయిందా, ఇక దిద్దుబాటు లేదు. అందుకని భయం ఉండేది. ఇప్పుడు ఇంటర్నెట్ ఉంది. 'ముందు వదులుదాం, తప్పులుంటే తరువాత దిద్దుదాం' అనే ధీమా వచ్చేసింది. పైగా పండుగ సీజన్ దాటితే అమ్మకాలు పోతాయి. ప్రకటనల మీద పెట్టిన డబ్బు ఊరుకోదు. పెట్టుబడి పెట్టినవాళ్ళు అసలే ఊరుకోరు! ముహూర్తం ముందుకొస్తుంది, పెళ్ళికూతురికి ఇంకా జడే వేయలేదు.

మా సిద్దిపేట కుర్రాడొకడు నెలల తరబడి డబ్బులు దాచి ఒక ఆట కొన్నాడు. పేరెందుకు లెండి! రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి, పొద్దున్నే ఆడబోతే మనుషులు గోడల్లోంచి దూరిపోతున్నారట. వాడన్న మాట నాకింకా చెవుల్లో ఉంది.

"అన్నా, తర్వాత మంచిగ చేస్తరంట. మరి నా పైసలు ఇయ్యాల్నే ఎందుకు తీసుకున్నరు?"

దీనికి ఎవరి దగ్గరైనా జవాబుందా?

అలాగని పూర్తికాని ఆటను అమ్మడమే పాపం అనను. బెల్జియం వాళ్ళు 'బాల్డర్స్ గేట్ 3'ని 2020 అక్టోబర్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు, ఇది ఇంకా తయారవుతోంది, మొదటి అంకం మాత్రమే ఉంది అని ముందే చెప్పారు. ఇష్టమున్నవాడు కొన్నాడు, ఆడాడు, లోపాలు చెప్పాడు. వాళ్ళు విన్నారు. దాదాపు మూడేళ్ళు కష్టపడి 2023 ఆగస్టులో పూర్తి ఆట ఇచ్చారు. ఆ సంవత్సరం 'ది గేమ్ అవార్డ్స్'లో ఉత్తమ గేమ్ బహుమతి దానికే దక్కింది! అక్కడా అన్నం ఉడకలేదు. కానీ 'ఇంకా పొయ్యి మీదే ఉంది నాయనా' అని చెప్పి పిలిచారు. తేడా అంతా అక్కడే ఉంది.

కనుక కుర్ర మిత్రులారా, మొదటి రోజు మోజును మానుకోమని నేను చెప్పను. మొదటి ఆట ఈలలు, ఆ కాగితం ముక్కల వాన... ఆ సరదా తెలిసినవాణ్ణే! కానీ సినిమాకు రెండు వందలో మూడు వందలో పోతాయి. కొత్త ఆట ఒక్కొక్కటి వేలల్లో ఉంటుంది. ట్రైలర్ చూసి మురిసిపోకుండా, ఆడినవాళ్ళ మాట విని కొనండి. మీ దగ్గరున్న యంత్రం మీదే ఆడినవాడు ఏమన్నాడో చూడండి. స్టీమ్‌లో కొంటే ఒక వెసులుబాటుంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలలోపు అయితే డబ్బు వాపసు అడగవచ్చు.

మన సినిమా టిక్కెట్టుకు ఆ సౌకర్యం ఉంటేనా... ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర కాదు, బుకింగ్ దగ్గరే క్యూ కట్టేవాళ్ళం!