సంపాదకుని మాట: ఇచ్చే చెయ్యి ఎవరిది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకింతగా ఉందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ముదిరినవాళ్లకు వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. ఆ మంచం దిగాలంటే కిడ్నీ మార్పిడే దారి. 1971లోనే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో విజయవంతంగా చేశారు. పాత కిడ్నీలను చాలామందికి తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఓ పక్కన అమర్చి రక్తనాళాలకు కలుపుతారు. (మూడు కిడ్నీల మనిషని చుట్టాలు వేళాకోళమాడితే అది నిజమే!) ఒంటికి అది పరాయిదే కనుక, తిప్పికొట్టకుండా మందులు రోజూ వేళ తప్పకుండా మింగాల్సిందే.

ఇచ్చేదెవరు? మన ఇళ్లలో ఎక్కువగా తల్లో, భార్యో. మగవాళ్ల వెనకడుగు నాకు నచ్చదు. బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాలకు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ఉంది కానీ, ఐసీయూ బయట ఏడుస్తున్న కుటుంబం ఒప్పుకోవాలి. మీ ఇష్టమేమిటో ఈ రాత్రి భోజనాల దగ్గరే ఇంట్లోవాళ్లకు చెప్పండి.