బర్గర్‌లో బెల్లమా? అవును, బెల్లమే

"గౌర్మే" అనే మాట మీద నాకు కొంచెం కోపం ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మనలో సగం మంది "గౌర్మెట్" అని చదువుతాం, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నా కోపం వేరే. హనుమకొండలో ఈ మధ్య ఏ కేఫ్ మెనూ తెరిచినా చీజ్‌బర్గర్ ముందు ఆ మాట ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో కారమలైజ్డ్ ఆనియన్, హనీ మస్టర్డ్, స్వీట్ చిల్లీ జామ్ అని రాస్తారు. మనం 300 రూపాయలకు పైనే కట్టి, ఫొటో తీసి స్టేటస్ పెట్టి, "తీపీ ఉప్పూ భలే కలిపాడు రా" అనుకుంటూ బండెక్కుతాం. అదే వారం ఇంట్లో అమ్మ పచ్చిపులుసులో చిన్న బెల్లం ముక్క వేస్తే మాత్రం "ఏంటమ్మా, తియ్యగా ఉంది" అని మూతి తిప్పుకుంటాం.

తీపినీ ఉప్పునీ కలపడం మనకి ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. ఉగాది పచ్చడి వదిలేయండి, అది అందరూ చెప్పే ఉదాహరణే. ఇరానీ చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్ ఏమిటి? తియ్యగా మొదలై ఉప్పగా దిగుతుంది. బెల్లం ఆవకాయ ఏమిటి? జామకాయకి ఉప్పూ కారం అద్దుకోవడం ఏమిటి? అందుకే నేననేది, ఇంట్లో మంచి చీజ్‌బర్గర్ చేయాలంటే సూపర్‌మార్కెట్‌లో ఫారిన్ సీసాల అర దగ్గరికి పోవాల్సిన పని లేదు. పైన వేసే సరుకంతా మన వంటింట్లోనే ఉంది. దాన్ని వాడడానికి మనమే మొహమాటపడుతున్నాం.

అసలు ఈ "గౌర్మే బర్గర్" కథ చూడండి. న్యూయార్క్‌లో డానియెల్ బులూ అనే ఫ్రెంచ్ షెఫ్ 2001లో ఒక బర్గర్ పెట్టాడు. లోపల నెమ్మదిగా ఉడికించిన పక్కటెముకల మాంసం, బాతు లివరు, ట్రఫుల్స్. ఖరీదైన బర్గర్ల పరుగు అంతా దాదాపు అక్కడి నుంచే ఊపందుకుంది అంటారు. అందరూ దాని ధర గురించే మాట్లాడారు. నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. బులూ పుట్టి పెరిగింది ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గర. ఆయన ఆ రొట్టెల మధ్య పెట్టింది ఫ్రెంచ్ వంటనే, అంటే తన చేతికి చిన్నప్పటి నుంచీ తెలిసిన వంటని. అమెరికా వాడి బన్నులో తన ఊరిని పెట్టాడు. మనం ఆయన్ని అనుకరించాలంటే ట్రఫుల్ నూనె కొనక్కర్లేదు కదా, మన ఊరిని పెడితే సరిపోతుంది.

చీజ్ దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో చీజ్ అని వెతికితే "జున్ను" అని వస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాలాంటి వాళ్ళకి ఆ మాట ఒప్పేసుకోవడం సులువు. కానీ మా బాపమ్మ ముందు చీజ్ స్లైస్‌ని జున్ను అంటే ఊరుకోదు. "జున్నంటే బర్రె ఈనినంక వచ్చే పాలతోటి చేస్తరు రా. ప్లాస్టిక్ కాయితంల చుట్టింది జున్నెట్లయితది?" అంటుంది. ఆమె చెప్పిందే నిజం, రెండూ వేర్వేరు పదార్థాలు. అయితే ఆ జున్నులో ఏం వేస్తారో గుర్తు చేసుకోండి: బెల్లం, యాలకులు, మిరియాలు. పాలపదార్థంలో తీపీ ఘాటూ ఒకేసారి! పేరు తప్పుగా అనువాదం చేసినా, కాంబినేషన్ మాత్రం నిఘంటువు మనకి ఉచితంగా ఇచ్చేసింది.

బర్గర్‌కి ఏ చీజ్ అంటే నా ఓటు మామూలు ప్రాసెస్డ్ స్లైస్‌కే. ఇక్కడ గౌర్మే వాళ్ళు నన్ను కొట్టడానికి వస్తారని తెలుసు. కానీ కెమిస్ట్రీ నా వైపు ఉంది. మామూలు గట్టి చీజ్‌ని బాగా వేడి చేస్తే నూనె ఒక పక్కకి, పీచులాంటి ముద్ద ఒక పక్కకి విడిపోతాయి. ప్రాసెస్డ్ చీజ్‌లో సోడియం సిట్రేట్ లాంటి లవణాలు వేస్తారు. అవి పాల ప్రొటీన్‌ని పట్టి ఉంచిన కాల్షియాన్ని లాగేస్తాయి, ప్రొటీన్ వదులై కొవ్వుని తనలో పట్టుకుంటుంది. అందుకే స్లైస్ విరగకుండా, కారకుండా ప్యాటీ మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పనీర్ ఇలా కరగదు. వేడి పాలని నిమ్మరసంతో విరిచి చేసింది కాబట్టి పెనం మీద ఎర్రబడుతుందే తప్ప జారదు. పనీర్ బర్గర్ బాగుంటుంది, కాదనను, కానీ అది చీజ్‌బర్గర్ కాదు.

మాంసం విషయం రెండు మాటల్లో. బర్గర్ పుట్టిన చోట అది బీఫ్‌దే. మన జిల్లాలో బీఫ్ తినే ఇళ్ళున్నాయి, తినని ఇళ్ళున్నాయి, ఏ ఇంటి ఖీమా ఆ ఇంటిది. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదటి షాపు తెరిచినప్పుడే మెనూలో బీఫ్ లేకుండా తెరిచింది, వాళ్ళ మహారాజా మాక్ మొదట్లో మటన్‌దే. మా ఇంట్లోనూ మటనే. షాపులో "కొవ్వు తియ్యకుండా కొట్టు అన్నా, ఒక్కసారే కొట్టు" అని చెప్పాలి. అరకిలోకి నాలుగు ప్యాటీలు వస్తాయి. ఖీమాలో ఉప్పు కలిపి పిసికితే అది కబాబ్ లాగా సాగుతుంది, బర్గర్ లాగా విడిపోదు. ఉప్పు ప్యాటీ చేశాక, పెనం మీద వేసే ముందు, పైన మాత్రమే చల్లాలి. గుడ్డు వద్దు, బ్రెడ్ పొడి వద్దు, గరం మసాలా అస్సలు వద్దు. ఇంకో మాట, యూట్యూబ్‌లో చూసి లోపల గులాబీ రంగు ఉంచకండి. ఖీమా కొట్టినప్పుడు పైనున్న సూక్ష్మజీవులు లోపలంతా కలిసిపోతాయి. లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. థర్మామీటర్ లేకపోతే మధ్యలో ఎరుపు పూర్తిగా పోయేదాకా ఉంచండి.

పెనం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్తాను. సర్వపిండి మీలో చాలామంది ఇళ్ళలో చేస్తారు, కొందరు గిన్నప్ప అంటారు. మందపాటి సర్వ అడుగున నూనె రాసి, పిండిని వేళ్ళతో పలచగా ఒత్తి, మధ్యలో బొక్కలు పెట్టి, అందులోనూ నూనె వేసి, మూత పెట్టి, కదపకుండా వదిలేస్తారు. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైభాగం ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. అమెరికాలో ఇప్పుడు అందరూ మెచ్చుకునే స్మాష్ బర్గర్ కూడా ఇదే సూత్రం: పలచగా నొక్కు, వేడి లోహానికి అంటించు, కదపకు. ఆ ఎరుపుకి కారణమైన చర్య గురించి 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మయార్ రాశాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. మన బాపమ్మలు దానికి పేరు పెట్టలేదు, "మాడనియ్యకు, ఎర్రగ కానియ్యి" అని మాత్రం చెప్పారు. చివరి అర నిమిషంలో స్లైస్ వేసి మూత పెడితే ఆ ఆవిరికే చీజ్ కరిగిపోతుంది.

ఇక పైన ఏం వేయాలి. నా లెక్క ప్రకారం చీజ్, మాంసం రెండూ ఉప్పూ కొవ్వూ. దానికి తోడుగా ఒక తీపి, ఒక పులుపు, ఒక ఘాటు ఉంటే చాలు. తీపి ఒక్కటే వేస్తే మూడో కొరుకుకే మొహం మొత్తుతుంది. తేనె, జామ్ పోసి వదిలేసే కేఫ్ బర్గర్లలో నాకు కనిపించే లోపం అదే, పులుపు ఉండదు. మనకేమో బెల్లం ఉన్న చోట చింతపండు ఉంటుంది. ఆ జంటని విడదీయాలన్న ఆలోచనే మన వంటలో రాదు.

ఉల్లిగడ్డ ఇలా చేస్తాను. నాలుగు పెద్దవి సన్నగా కోసి, కొంచెం వెన్నలో సన్నటి మంట మీద వేయించాలి. పది నిమిషాల్లో అయిపోతుందని రాసే రెసిపీలని నమ్మకండి, ముప్పావు గంట పడుతుంది. ఆ నాలుగూ చివరికి గుప్పెడంత అవుతాయి. గోధుమ రంగు వచ్చాక నిమ్మకాయలో సగమంత బెల్లం, రెండు చెంచాల చిక్కటి చింతపండు పులుసు, బోలెడంత మిరియాల పొడి. బెల్లం ముందే వేస్తే మాడి చేదొస్తుంది. మిరియాలు ఎందుకంటే, పైన చెప్పిన జున్ను వల్లే. ఆ రుచి నాకు అక్కడి నుంచే దొరికింది.

ఘాటుకి మన దగ్గర చపాటా ఉంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది, కాలేజీ గ్రూపుల్లో అందరం ఫార్వర్డ్ చేశాం. కానీ మనలో ఎంతమంది దాన్ని పేరు పెట్టి కొనుక్కొచ్చారు? టమాటా మిర్చి అని కూడా పిలిచే ఈ కాయ పొట్టిగా, ఉబ్బుగా ఉంటుంది. రంగు చాలా ఎక్కువ, కారం తక్కువ, తోలు మందం. పచ్చళ్ళకి అందుకే అడుగుతారు. బర్గర్‌కి కూడా సరిగ్గా ఇలాంటిదే కావాలి. ఎండు చపాటాలు ఎనిమిది వేడినీళ్ళలో నానబెట్టి, ఎల్లిగడ్డ, ఉప్పు, కొంచెం బెల్లం, నిమ్మరసంతో నూరి, నూనెలో రెండు నిమిషాలు వేయిస్తే మెరిసే ఎర్రటి తొక్కు తయారు. కేఫ్‌లో స్వీట్ చిల్లీ జామ్ అని పెట్టేదానికి ఇది దూరపు చుట్టం కాదు, సొంత అన్న.

మయోనైజ్ ఏది అని అడుగుతారు. 2024 అక్టోబర్ చివర్లో మన ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది, అప్పుడు షవర్మా బండ్ల దగ్గర మనవాళ్ళ గోల గుర్తుందిగా. నేనైతే అప్పటి నుంచీ దాని జోలికి పోలేదు. పెరుగుని పలచటి గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, అందులో వేయించిన పల్లీల పొడి, ఉప్పు కలిపితే చిక్కగా, చల్లగా ఉంటుంది. బన్ను మామూలు బేకరీదే. అది ఎలాగూ కొంచెం తియ్యగానే ఉంటుందని గమనించారా? తీపి వద్దని వాదించేవాళ్ళు కూడా మొదటి కొరుకులోనే తీపి తింటున్నారు. కోసిన వైపు వెన్నతో కాల్చాలి, లేకపోతే పులుసుకి నానిపోతుంది.

ఇదంతా చదివి మన క్లబ్‌లోనే ఒకరు "ఇది కూడా ఫ్యూజన్ పిచ్చేగా, ఆవకాయ పిజ్జా లాగా" అంటారని తెలుసు. ఫ్యూజన్ అంటే నాకూ చిరాకే. బిర్యానీని బన్నులో కుక్కి దానికో పేరు పెట్టడం నాకు నచ్చదు, ఎందుకంటే అక్కడ అన్నానికి పనేమీ లేదు. వేసే ప్రతిదానికీ ఒక పని ఉండాలి. చింతపండు కొవ్వుని కోస్తుంది, బెల్లం మిరియాలని మెత్తబరుస్తుంది, చపాటా రంగు తెస్తుంది. పని లేకుండా కేవలం "లోకల్ టచ్" కోసం వేసేది పోస్టర్ మీద ముగ్గు లాంటిదే.

ఇంకో విషయం ఉంది, నాకు అసలు ఇదే ముఖ్యం. "ఇంట్లో చేసింది" అని మనం గర్వంగా చెప్పే వాటిలో ఎక్కువ భాగం అమ్మ చేసిందే. బర్గర్ దగ్గర ఆ లెక్క ఇంకా అన్యాయంగా ఉంటుంది. పప్పన్నం గంట తర్వాత తిన్నా బాగుంటుంది. బర్గర్ అయిదు నిమిషాలు ఆగితే చీజ్ గట్టిపడుతుంది, బన్ను నానుతుంది. అంటే చేసేవాళ్ళు ఒక్కొక్కరికీ వేసిస్తూ నిలబడాలి, చివర్లో మిగిలింది తినాలి. మనం అడిగిన బర్గర్‌ని అమ్మ చేస్తే, వేడిది తినే అవకాశం ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే ఉండదు. కాబట్టి అడిగినవాడే పొయ్యి దగ్గర నిలబడాలి. మా ఇంట్లో ఇప్పుడు మొదటి ప్యాటీ అమ్మది. మొదటిసారి "నాకెందుకురా, మీరు తినుండ్రి" అని మూడుసార్లు అంది. కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో పెట్టాను. పైనున్న ఉల్లిగడ్డ తిని, "గిది పులుసే కదా" అంది. రెండో బర్గర్‌కి చీజ్ వద్దని, ఉల్లిగడ్డ ఎక్కువ వేయమని చెప్పింది. గిన్నెలు కూడా మనమే తోమాలని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా, కానీ చెప్తున్నాను, ఎందుకంటే చీజ్ అంటిన పెనం రెండు రోజులు సింక్‌లో ఉండే ఇళ్ళు నాకు తెలుసు.

మన బ్యాచ్‌లో శాకాహారులు కూడా ఉన్నారు కాబట్టి వాళ్ళ కోసం సర్వపిండినే చిన్న ప్యాటీలుగా చేసి చూస్తున్నాను: బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు. రుచికి తిరుగులేదు, చీజ్ కింద కరకరలాడుతుంది. కానీ కొరికితే విరిగి వెనక నుంచి బయటికొస్తోంది. ఉడికించిన ఆలుగడ్డ కొంచెం కలిపితే అతుక్కుంటుందేమో, వచ్చే ఆదివారం చూడాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంకేమైనా ఉపాయం తెలిస్తే అడిగి చెప్పండి.