ఈ తీర్పు కాలం చెప్పిందేనా?

ఇంప్రెషనిస్టు చిత్రాలున్న మ్యూజియం వాటిని ముందుపెట్టి పండగ చేసినప్పుడల్లా ఒకటే కథ వినిపిస్తుంది. 1874లో పారిస్‌లో, నాదార్ ఖాళీ చేసిన ఫొటో స్టూడియోలో మొనే, రెన్వార్, దెగా బృందం సొంతంగా ప్రదర్శన పెట్టింది. లూయీ లెరుయా అనే పత్రికా రచయిత మొనే బొమ్మ పేరు పట్టుకుని వెక్కిరిస్తే, ఆ వెక్కిరింతే బిరుదై నిలిచింది. చివరికి కాలమే న్యాయం చేసింది. మొదటి సగంతో నాకు పేచీ లేదు. ఆఖర్లో ప్రవేశించే ఆ ‘కాలం’ మీదే అనుమానం. దాని చేతిలో చెక్కుబుక్కు ఉందన్న మాట ఎవరూ ఎత్తరు.

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌నే తీసుకోండి. పోల్ ద్యురాన్-రుయేల్ అనే పారిస్ వ్యాపారి 1886లో ఈ సరుకును న్యూయార్క్‌కు చేర్చాడు. తర్వాత కొన్నేళ్లకే షికాగో హోటల్ యజమాని భార్య బెర్తా పామర్ మొనే చిత్రాలను డజన్లకొద్దీ కొంది. వాటిలో కుప్పల బొమ్మలూ ఉన్నాయి (మనవాళ్లు గడ్డివాములని రాస్తారు గానీ, నూర్చని గోధుమ కాబట్టి కుప్పలే). రెన్వార్ గీసిన సర్కస్ పిల్లల చిత్రాన్నీ 1892లో ఆమే కొంది. ఆమె సేకరణ 1922లో మ్యూజియానికి చేరింది. డబ్బు పోస్తే నాసిరకం బొమ్మ గొప్పదైపోతుందా అని అడగొచ్చు. అవదు. కానీ డబ్బు చూపు పడకపోతే గొప్ప బొమ్మ ఏమవుతుందో అదే మ్యూజియంలో కనిపిస్తుంది.

గుస్తావ్ కయ్‌బోత్ 1877లో ప్రదర్శించిన ‘పారిస్ వీధి, వాన రోజు’ దాదాపు గోడంత చిత్రం. నడుమ ఆకుపచ్చ దీపస్తంభం చిత్రాన్ని రెండుగా చీలుస్తుంది. కుడివైపు గొడుగు కింద ఒక జంట మన మీదికే నడిచొస్తున్నట్టుంటుంది. తడిసిన రాతి పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టం. కయ్‌బోత్ ఆస్తిపరుడు, బొమ్మ అమ్ముకుంటే తప్ప పూటగడవని మనిషి కాడు. మిత్రుల బొమ్మలు తనే కొనేవాడు. 1894లో పోతూ పోతూ వాటినే ప్రభుత్వానికి రాసిచ్చాడు, తనవి చేర్చలేదు. అతని చిత్రాలు నిల్వపెట్టుకుని ధర కోసం కాచుకున్న వ్యాపారీ లేడు. ఈ చిత్రం దశాబ్దాలపాటు కుటుంబం దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో దాచుకుంటే కాలం మాత్రం ఏం చేస్తుందంటారా? నేనంటున్నదీ అదే. బయటికి తెచ్చేవాడూ కొనేవాడూ ఉంటేనే కాలం తీర్పు చెబుతుంది. వాళ్ల పేర్లు దాతల వరుసలో సన్నక్షరాలకు వదిలేసి, గొప్పతనమే గెలిచిందని పెద్దక్షరాల్లో రాయడం చరిత్ర అనిపించుకోదు. పామర్ సేకరణలోని బొమ్మల నమోదు సంఖ్యలు 1922తో మొదలవుతాయి. వానలో నడిచొస్తున్న ఆ జంటది 1964తో.